కాగితం మీద నిమ్మగడ్డి నూనె

ఇది సముద్రం దాటి వచ్చిన కథ. ఇందులో ఓడ ఉంది, తుఫాను హెచ్చరిక ఉంది, నమ్మించి చేసిన మోసం ఉంది, వాడంతా కూడి ఇచ్చిన తీర్పు ఉంది, ఆ తీర్పు కింద నలిగిపోయిన ఒక ఆడపిల్ల ఆశ ఉంది. పర్వాలు పర్వాలుగా, గొంతు సవరించుకుంటూ చెప్పాల్సిన సరుకు.

అసలు సంగతి ఏమిటంటే, మా అక్క ఆన్‌లైన్‌లో రెండు సీసాల నిమ్మగడ్డి నూనె కొంది. ఒక్కో సీసా బొటనవేలంత ఉంటుంది. తుఫాను హెచ్చరిక కూడా మాకు కాదు, బర్మా వైపు వాళ్ళకు.

అక్కకు ఆ నూనెతో ఏం పని అంటే, అది కొంచెం చెప్పుకోవాలి. అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్ పక్కన ఉన్న గరాచర్మలో మా ఇంటి నుంచి రోజూ బస్సెక్కి డైరీ ఫార్మ్ అనే పేటలోని ఒక బ్యూటీ పార్లర్‌కు వెళ్తుంది. అక్కడ దారం పళ్ళ మధ్య బిగించి ఆడవాళ్ళ కనుబొమలు దిద్దుతుంది. పార్లర్ ఓనరు ఆంటీ కస్టమర్ల ముందు ఆమెను "మా అమ్మాయి" అంటుంది. జీతం పెంచమని అడగడానికి అమ్మ వెళ్తే మాత్రం "మీ అమ్మాయి" అంటుంది. అక్క మసాజ్ కోర్సు చేసింది. చేతిలో పని ఉంది. అమ్మ నడుం పట్టేసినప్పుడు అక్క ఒక పూట ఒత్తితే, మర్నాడు అమ్మ మమ్మల్ని తిట్టడానికి లేచి కూర్చునేది. మా ఇంట్లో ఆరోగ్యానికి అదే కొలత.

ఓడరేవుకు అవతల, టూరిస్టులు దిగే ఒక దీవిలో కొత్త రిసార్టు కట్టారు. మసాజ్ గదిని ఎవరికైనా కాంట్రాక్టుకు ఇస్తామన్నారు. అక్క ఫోన్ చేస్తే అక్కడి స్పా మేడమ్ హిందీలో ఒక్క ముక్కలో తేల్చింది: గది మాది, చేతులూ నూనెలూ నీవి. వచ్చే గెస్టులు ముందు అడిగేది నూనె అసలుదేనా అని. కాబట్టి ముందు నీ నూనె చూస్తాను, తర్వాత నీ చేయి చూస్తాను. నిమ్మగడ్డి నూనెతో రా.

ఆ రోజు అక్క వంటింటి గడప మీద కూర్చుని, ఫోను ఇంకా చేతిలోనే పట్టుకుని అంది: "ఇది దొరికిందంటే ఇంక ఎవుళ్ళ కనుబొమలూ సూడక్కర్లేదురా తమ్ముడా. నా గది. తలుపు నేనే తీస్తాను, నేనే ఏస్తాను."

తలుపు తియ్యడం, వెయ్యడం. దానికంటే పెద్ద కోరిక ఆమె నోట నేను వినలేదు. మామూలుగా నేను ఇలాంటి చోట ఏదో ఒకటి అని నవ్విస్తాను. ఆ రోజు లేచి ఆమెకు మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

అమ్మకు మాత్రం ఒక ప్రశ్న వచ్చింది. "పెరట్లో గుబురుగా ఉంది కదే నిమ్మగడ్డి. దానికి ఓడలో తెప్పించడమేటి?"

ఒక చెంచా నూనె రావాలంటే పెరడంత గడ్డి కోసి, ఆవిరి పట్టి, ఆ ఆవిరిని చల్లార్చి, నీళ్ళ మీద తేలినదాన్ని తీసుకోవాలని అక్క చెప్పింది. అమ్మ పెరటి వైపు చూసి, "అయితే కొనీ" అంది.

కొనడానికి కూర్చున్నాం. పోర్ట్ బ్లెయిర్ దుకాణాల్లో అడిగితే తలకు రాసుకునే నూనెలు చూపించారు, అందులో ఒకదానికి నిమ్మకాయ బొమ్మ కూడా ఉంది. కాబట్టి ఫోనే గతి. నిమ్మగడ్డి నూనె అని కొట్టగానే అంగళ్ళ మీద అంగళ్ళు వచ్చి పడ్డాయి. ప్రతి సీసా మీదా నూరు శాతం శుద్ధం అని ఉంది. తొంభై శాతం అని ఒప్పుకున్న నిజాయితీపరుడు ఒక్కడూ లేడు. ప్రతి ఫోటోలోనూ ఒక తెల్ల తువ్వాలు, ఒక గులకరాయి, కళ్ళు మూసుకున్న ఒక అమ్మాయి. ఆ అమ్మాయి నూనె వల్ల కళ్ళు మూసుకుందో, జీతం రాక మూసుకుందో తెలియదు.

కొన్నవాళ్ళు రాసిన అభిప్రాయాలు చదివాం. నూనె గురించి రాసినవాళ్ళు తక్కువ. డబ్బా బాగుంది, డెలివరీ అబ్బాయి మంచివాడు, మా ఆవిడకు నచ్చింది. మా దీవుల నుంచి ఒకాయన రాసింది అక్క బిగ్గరగా చదివింది: "వచ్చింది. పగల్లేదు. ఐదు నక్షత్రాలు." మాకు అది అర్థమవుతుంది. మెయిన్‌ల్యాండ్‌లో జనం సరుకు ఎలా ఉందో చూస్తారు. మేము వచ్చిందా లేదా చూస్తాం. వచ్చాక ఇంక దాని గుణం గురించి మాట్లాడటం అత్యాశ.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి ముదురు గోధుమరంగు గాజు సీసా, మీద పెద్ద అందమేమీ లేదు. మొక్క పేరు లాటిన్‌లో రాసి ఉంది, గడ్డి ఎక్కడ పెరిగింది, ఏ నెలలో ఆవిరి పట్టారు, బ్యాచ్ నంబరు ఎంత అని ఉంది. ధర చూసి అక్క ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. రెండోది బంగారు రంగు లేబులు, వెనక మంచుకొండ. నిమ్మగడ్డికీ మంచుకొండకీ ఏం చుట్టరికమో కొండనే అడగాలి. ఆ అంగట్లో గులాబీ నూనె, కమలా తొక్క నూనె, నిమ్మగడ్డి నూనె అన్నీ ఒకటే ధర.

"రెండూ తెప్పిద్దాం," అంది అక్క. "ఇంట్లో సూసి మంచిది పట్టుకెళ్తాను. రెండోది వాసనకి ఉంటాది."

నిప్పంటుకునే సరుకు కాబట్టి విమానంలో ఎక్కనివ్వరు. ఓడలో రావాలి. పార్శిల్ చెన్నైలో ఉంది అని ఫోను చెప్పింది. మర్నాడూ అదే చెప్పింది, బర్మా వైపు తుఫాను హెచ్చరికని ఓడ కదల్లేదట. ఆ తర్వాత చాలాకాలం చెన్నై తప్ప ప్రపంచంలో వేరే ఊరు లేనట్టు చెప్పింది. రిసార్టు మేడమ్ ఇచ్చిన పరీక్ష తేదీ దగ్గరపడుతున్న కొద్దీ అక్క బస్సులో, భోజనం దగ్గర, కనుబొమకూ కనుబొమకూ మధ్య ఫోను చూసేది. ఒక కస్టమరు కనుబొమ ఒకటి కాస్త సన్నబడిందట. ఆంటీ దానికీ అక్కనే అంది. ఆ ఒక్కసారి ఆంటీదే న్యాయం.

చివరికి పరీక్షకు రెండు రోజుల ముందు పార్శిల్ వచ్చింది. పగల్లేదు. ఐదు నక్షత్రాలు.

ఇప్పుడు నాన్న వస్తారు. మా తాత శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడ వల వేశాడు, నాన్నా అదే వేశారు. ఇంజను బిగించిన డుంగీ ఒకటి ఉంది, అంటే చిన్న పడవ. నాన్నకు లోకంలో రెండు రకాల మనుషులే ఉన్నారు: డీజిల్లో కిరసనాయిలు కలిపేవాళ్ళు, ఇంకా కలపనివాళ్ళు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి కల్తీ డీజిలు వల్ల నడిసముద్రంలో ఇంజను ఆగిపోయింది. ఆ రోజు ఆయన ఎలా బయటపడ్డారో ఎప్పుడూ చెప్పరు. అప్పటి నుంచీ డబ్బా కొనేముందు కాగితం మీద ఒక చుక్క వేసి చూస్తారు. చుక్క వెడల్పుగా పాకి, జిడ్డుగా అక్కడే ఉండిపోతే మంచి డీజిలు. పల్చబడి తొందరగా ఆరిపోతే కిరసనాయిలు కలిసినట్టు. నేను దేని మీదైనా జోకు వేస్తాను గాని, ఆ కాగితం మీద ఇంట్లో ఎవరూ వెయ్యరు.

అక్క రెండు సీసాలూ బల్ల మీద పెట్టి, ఏది మంచిదో అని మూతలు తీస్తూ పెడుతూ ఉంది. నాన్న చూశారు.

"నూనే కదా?"

"నూనే నాన్నా."

"కాయితం తే."

వేరే మాట లేదు. పాత క్యాలెండరులో ఒక నెల చింపి, వెనక వైపు తెల్లగా పరిచారు. గోధుమరంగు సీసా నుంచి ఒక చుక్క, మంచుకొండ సీసా నుంచి ఒక చుక్క. గోడ అవతల నుంచి పక్కింటి మావయ్య వచ్చాడు. ఆయన జెట్టీలోనూ ఓడ మీదా లస్కరుగా, అంటే కళాసీగా చేసి రిటైరయ్యాడు, ఇప్పుడు ఎవరింట్లో ఏం జరిగినా హాజరవడమే ఉద్యోగం. టీ వచ్చింది. అందరం కాగితం చుట్టూ కూర్చుని తడి ఆరడం చూశాం. టీవీ పాడై అప్పటికి వారం.

టీ తాగడం అయ్యేసరికి గోధుమరంగు సీసా చుక్క మాయమైంది. ఉన్నచోట ఏమీ లేదు, వెలుతురుకు పట్టి చూసినా లేదు. మంచుకొండ చుక్క మాత్రం రూపాయి బిళ్ళంత పాకి, వెనక ఉన్న పండగల తేదీలు కూడా కనబడేంత జిడ్డుగా నిలబడింది.

"సూడు," అన్నారు నాన్న, కాగితం ఎత్తి పట్టి. "ఎగిరిపోనాది. కిరసనాయిలు కలిపీసినాడు ఎదవ. ఇదిగో, ఇదీ సరుకు. ఎక్కడేసింది అక్కడే ఉంది."

"పక్కా అసలీ మాల్," అన్నాడు మావయ్య, అడక్కుండానే.

అక్క గోధుమరంగు సీసా ముక్కు దగ్గర పెట్టుకుంది. "దీనిది ఆకు నలిపిన వాసన నాన్నా. మన పెరట్లో వాసనే. దానిది సబ్బు వాసనలాగ ఉంది."

"వాసనకేటే, కిరసనాయిలుకీ ఉంటాది వాసన."

"రేటు కూడా ఇదే ఎక్కువ."

"మోసం సేసేవోడు రేటు తక్కువ ఎడతాడేటి?"

నేను ఆ బ్యాచ్ నంబరు ఫోన్లో కొట్టాను. ల్యాబ్ రిపోర్టు తెరుచుకుంది. అడ్డంగా ఒక గీత, మధ్యలో కొన్ని శిఖరాలు, ఒకటి మరీ ఎత్తు, పక్కన పలకలేని పేర్లు. ఆసుపత్రిలో గుండెకు తీసే కాగితంలా ఉంది. మావయ్యకు చూపించాను.

"బేటా, రిపోర్టు ఎవడైనా ప్రింటు తీస్తాడు," అన్నాడు. "మా ఓడకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండేది. ఓడకి అడుగున కన్నం కూడా ఉండేది."

ఆ మాటకు అందరూ నవ్వారు, అక్క కూడా. వాదన అక్కడితో అయిపోయింది. నడిసముద్రంలో ఆగిన ఇంజను ఒకవైపు, ఫోన్లో గీత ఒకవైపు. అక్క కోర్సులో నూనెను కొబ్బరినూనెలో ఎంత కలపాలో నేర్పారు, ఎలా కొనాలో నేర్పలేదు. ఆమె మంచుకొండ సీసాను గుడ్డలో చుట్టి బ్యాగులో పెట్టుకుంది. ముక్కుకు ఒకటి తెలుసు, నాన్నకు ఒకటి తెలుసు. ఇరవై ఏళ్ళుగా మా ఇంట్లో ముక్కు గెలిచింది లేదు.

మర్నాడు అమ్మ ఇల్లు తుడుస్తూ, కిటికీలో ఉన్న గోధుమరంగు సీసాను చూసింది. ఫినాయిలు అయిపోయింది. కిరసనాయిలు చీమలకు మంచిదే కదా అని సీసా మొత్తం బకెట్లో బోర్లించింది.

ఇల్లు ఎలా వాసన వేసిందో నేను చెప్పలేను. చేపల బుట్టలు కడిగే అరుగు, నాన్న వలలు ఆరేసే వసారా, ఎప్పుడూ ఉప్పూ పాచీ వాసన వేసే ఇల్లు, ఒక్కసారిగా వాన వెలిసిన గడ్డిమైదానంలా అయిపోయింది. చీమలు వరస కట్టి వెళ్ళిపోయాయి. ఈగలు గుమ్మం దాకా వచ్చి ఆలోచించుకుని వెనక్కి తిరిగాయి. దారిన పోయే ఇద్దరు ఆడవాళ్ళు ఆగి, "దీదీ, ఏ ఫినాయిలు వాడతన్నారు?" అని అడిగారు.

"కిరసనాయిలు," అంది అమ్మ, గొప్పగా.

సాయంత్రం అక్క పార్లర్ నుంచి వచ్చింది. చెప్పులు విప్పుతూ విప్పుతూ ఆగిపోయింది. గుమ్మంలో నిలబడి గాలి పీల్చింది. ఇంకోసారి పీల్చింది. కిటికీ వైపు చూసింది, ఖాళీ సీసా వైపు చూసింది. తర్వాత వంగి, అరచేత్తో నేల రాసి ఆ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది. నేల ఎప్పుడో ఆరిపోయింది. జిడ్డు లేదు, మరక లేదు.

"ఏటే, జారిందేటి?" అంది అమ్మ లోపల్నుంచి.

"లేదమ్మా," అంది అక్క. "బాగా తుడిసావు."

మర్నాడు పొద్దున్నే పరీక్ష. ఇంకో సీసా తెప్పించాలంటే మళ్ళీ చెన్నై. బ్యాగులో ఉన్నది అలాగే ఉంచి, అక్క చీర ఇస్త్రీ చేసుకుంది.

మొదటి బోటుకు వెళ్ళాం. తోడుకు నేను. రిసార్టు బాగుంది, కొత్త కర్ర వాసన, నడిచే చోటంతా తెల్ల ఇసుక. గది కూడా చూపించారు. సముద్రం వైపు కిటికీ, మధ్యలో మసాజ్ బల్ల, నీలం రంగు వేసిన తలుపు. అక్క ఆ తలుపును ఒకసారి తీసి వేసి చూసింది. ఎవరూ గమనించలేదు, నేను తప్ప.

మేడమ్ మెయిన్‌ల్యాండ్ మనిషి, మర్యాదగానే మాట్లాడింది. మాటలు హిందీలో జరిగాయి, నేను తెలుగులో చెబుతున్నాను. సీసా అడిగింది, మూత తీసింది, వాసన చూసింది. మాట్లాడుతూనే బల్ల మీది టిష్యూ కాగితం లాగి దాని మీద ఒక చుక్క వేసింది. నాకు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. ప్రపంచమంతా మా నాన్న పద్ధతే! మేడమ్ మీ ఊరెక్కడ, మీ కుటుంబం గురించి చెప్పు అని అడుగుతూ ఉంది, అక్క చెబుతూ ఉంది. నేను చుక్కనే చూస్తున్నాను. చుక్క పాకుతూ ఉంది. అది పాకే కొద్దీ మేడమ్ ప్రశ్నలు తగ్గిపోయాయి.

"ఇది ఎక్కడ కొన్నావు?"

"ఆన్‌లైన్‌లో, మేడమ్."

"నిమ్మగడ్డి దీన్ని దూరం నుంచి చూసి పోయింది. మిగతాదంతా వంటనూనె, పైన కాస్త సెంటు. మంచి నిమ్మగడ్డి నూనె అయితే ఈపాటికి కాగితం ఆరిపోవాలి. ఇది చూడు, పకోడీ పొట్లంలా ఉంది."

అక్క ఆ టిష్యూ వైపు చూడలేదు. "అసలుది మా ఇంట్లో ఉండేది, మేడమ్."

"ఉండేది అంటే?"

"మా అమ్మ నేల తుడిచేసింది."

మేడమ్ పకపకా నవ్వింది. మంచి నవ్వే, అందులో ఎగతాళి లేదు. జోకు అనుకుంది పాపం. మా ఇంట్లో జోకులు వేసేది నేను. అక్క ఎప్పుడూ వెయ్యదు. ఆ ఒక్కటీ జోకుగా వెయ్యకపోయినా అంత పేలింది.

"ఒక్కసారి చెయ్యి చూడండి మేడమ్," అంది అక్క. "కొబ్బరినూనెతోనే చేస్తాను. పది నిమిషాలు."

"చెయ్యి బాగానే ఉంటుంది. కానీ నూనె తెలియని చేతికి గది ఎలా ఇస్తాను, చెప్పు? గెస్టులు నన్ను అడుగుతారు."

న్యాయమే. తప్పు పట్టడానికి ఏమీ లేదు. అక్క ఎన్నేళ్ళుగా ఏ పని నేర్చుకుందో, ఆ పని దాకా పరీక్ష రాలేదు, అంతే. మాకు టీ ఇచ్చారు. బిస్కెట్లు కూడా మంచివి.

తిరుగు బోటులో నేను ఏదో అనబోయాను. "నువ్వు ఊరుకోరా," అంది అక్క. ఊరుకున్నాను. అది నాకు చాలా కష్టమైన పని, కానీ దానికెవరూ నక్షత్రాలివ్వరు.

ఇంటికొచ్చేసరికి నాన్న వసారాలో వల బాగుచేసుకుంటున్నారు.

"ఏటైంది?"

"గది వేరేవాళ్ళకి ఇచ్చీసారు నాన్నా."

నాన్న చేతిలో దారం ఆగింది. తర్వాత అడిగారు: "నూనె సూసారా?"

"సూసారు. కాయితం మీదే ఏసి సూసారు."

"మరక వొచ్చిందా?"

"బాగా వొచ్చింది," అంది అక్క. అని లోపలికి వెళ్ళిపోయింది.

నాన్న తల ఊపి మళ్ళీ దారం అందుకున్నారు. గది పోయినందుకు బాధ ఉంది ఆయనకు, నిజంగానే ఉంది. కానీ నూనె విషయంలో మాత్రం తన వైపు నుంచి లోటు జరగలేదని ఒక స్థిమితం కూడా ఉంది. ఇద్దరిలో ఒకరైనా నిద్రపోవాలని అక్క అనుకుందేమో, నేను అడగలేదు. రిసార్టులో కూడా నాన్న కాగితం పద్ధతే వాడారని ఆ తర్వాత మావయ్య ద్వారా వాడంతా తెలిసింది. ఎవరు తలనూనె కొన్నా, నొప్పుల నూనె కొన్నా, నాన్న దగ్గరకు పట్టుకొస్తారు. క్యాలెండరులో నెలలు అయిపోవచ్చాయి. అక్క ఆ కాగితాలు తానే చింపి ఇస్తుంది.

నేను ఇప్పుడు ఈ నూనెల గురించి అవసరానికి మించి తెలుసుకున్నాను. గులాబీకీ కమలా తొక్కకీ ఒకటే ధర పెట్టినవాడు రెండూ అమ్మడం లేదని తెలుసు. ఆ రిపోర్టులో మరీ ఎత్తుగా ఉన్న శిఖరమే నిమ్మగడ్డికి నిమ్మ వాసన ఇచ్చే పదార్థం అనీ తెలుసు. ఇంకో సంగతి కూడా తెలుసు. గంధం నూనె, వట్టివేళ్ళ నూనె లాంటివి ఎంత అసలువైనా కాగితం మీద మరక వదులుతాయి. అంటే అక్క గంధం నూనె కొని ఉంటే నాన్న మరక చూసి మంచిదనేవారు, అది మంచిదే కావచ్చు కూడా. ఆయన పద్ధతి ఎక్కడో ఒకచోట పనిచేస్తుంది. మాకు కావలసిన చోట తప్ప.

మంచుకొండవాడికి సరుకు తిప్పి పంపుదామని చూశాను. తిప్పి పంపే గడువు పార్శిల్ ఓడలో ఉండగానే అయిపోయింది. ఆ సీసా ఇంకా ఇంట్లోనే ఉంది. అమ్మ దాన్ని తలుపు బందుల కిర్రు పోవడానికి వాడుతుంది.

అక్క ఆ గది మాట మళ్ళీ ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే, "ఆ దీవికి రోజూ బోటెక్కి ఎవుడు పోతాడు," అంటుంది. బోటు ఎక్కడం అంటే ఆమెకు ఎంత ఇష్టమో మాకందరికీ తెలుసు.

అక్క ఇప్పటికీ వెళ్ళే పార్లర్ తలుపు పొద్దున పదింటికి తీస్తారు. తాళం ఓనరు ఆంటీ దగ్గర ఉంటుంది. మంగళవారం సెలవు.